చాతకం ఎదురుచూసేది దేనికోసం?

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు మొదటి వరసలో కూర్చుంటే ఫొటోలు బాగా కనిపిస్తాయి.

నన్ను వలస కోకిలల గురించి మాట్లాడమన్నారు. కోకిల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 150 జాతులున్నాయి. అన్నిటినీ తలా ఒక ముక్క చెప్పుకుంటూ పోతే చివరికి ఏదీ గుర్తుండదు. అందుకని ఈ గంట సేపూ ఒక్క పక్షికే ఇచ్చేస్తాను. చాతకం. పేరు విననివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అంతేనా? పరీక్ష ఫలితాల కోసమో, బదిలీ ఆర్డరు కోసమో చాతకపక్షిలా ఎదురుచూశామని రోజూ అంటుంటాం. అదే పక్షి ఊరి చివర తుమ్మచెట్టు మీద కూర్చుని గొంతు చించుకుంటున్నా తలెత్తి చూడం. (నవ్వులు)

కథ మీకు తెలిసిందే. చాతకం నేల మీది నీళ్లు ముట్టదు. నోరు తెరుచుకుని మబ్బు వైపు చూస్తూ ఉంటుంది. వాన చుక్క నేరుగా గొంతులో పడితేనే దాని దాహం తీరుతుంది. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి, దాని మెడకు చిల్లు ఉందనీ, తల వంచి తాగితే నీళ్లు కారిపోతాయనీ కూడా చెబుతారు. కవులకు ఈ కథ బాగా పనికొచ్చింది. ఒకరి దగ్గర చెయ్యి చాపని అభిమానానికి గుర్తుగా వందల ఏళ్లు వాడుకున్నారు. ఆ పద్యాలూ శ్లోకాలూ నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉంటారు కాబట్టి నేను అటు పోను. నా ప్రశ్న ఒక్కటే. కల్పన అంతా గోకేస్తే అడుగున ఏమైనా మిగులుతుందా?

మిగులుతుంది. తొలకరి వేళకు ఈ పక్షి కనిపించటం నిజం. అప్పుడే ఎక్కువగా అరవటం నిజం. దానికి వానతో పని ఉండటం కూడా నిజమే. అయితే ఆ పని దాహం కాదు. దానికి కావలసినవి రెండు. ఒకటి గొంగళి పురుగు. రెండోది ఇంకొకరి గూడు. రెండూ వాన పడితేనే దొరుకుతాయి. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే.

ముందు పక్షిని చూద్దాం. ఇదుగో, ఆసామి. గోరింక కంటే కాస్త పెద్దది. తోకతో కలిపి 33 సెంటీమీటర్లు ఉంటుంది, అందులో తోకదే పెద్ద వాటా. పైనంతా నలుపు, గొంతు నుంచి కిందంతా తెలుపు. నెత్తి మీద మొనదేలిన జుట్టు, వెనక్కి వాలి ఉంటుంది. ఇక్కడ రెక్క మీద చూడండి, తెల్లటి మచ్చ. కూర్చున్నప్పుడు చిన్న గీతలా ఉంటుంది గానీ ఎగిరిందంటే స్పష్టంగా కనిపిస్తుంది. తోక ఈకల కొసలు కూడా తెలుపే. దూరంగా పొదల మీదుగా ఎగిరిపోతున్నప్పుడు గుర్తుపట్టడానికి ఈ రెండు తెలుపులూ చాలు. మన మామూలు కోకిలలో మగది నల్లగా, ఆడది ఒళ్లంతా చుక్కలతో ఉంటుంది కదా, ఇక్కడ ఆ తేడా లేదు. ఆడా మగా ఒకేలా ఉంటాయి. పిల్ల పక్షి మాత్రం నలుపు బదులు ముదురు గోధుమ రంగులో, కాస్త మాసినట్టు ఉంటుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఎండాకాలం రాత్రుళ్లు స్వరం పెంచుకుంటూ పెంచుకుంటూ అరిచి నిద్ర చెడగొట్టే పక్షి ఒకటుంది. హిందీవాళ్లు పపీహా అంటారు. ఆ అరుపు భరించలేక ఆంగ్లేయులు బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అని పేరు పెట్టారు. అది వేరే కోకిల. బూడిద రంగులో, చూడటానికి అచ్చం చిన్న డేగలా ఉంటుంది. ఉత్తరాది కవిత్వంలో చాతకాన్నీ దీన్నీ చాలాసార్లు కలగలిపేశారు. మన చాతకం గొంతు అంత భయంకరం కాదు. పియూ, పియూ, పీ-పీ-పియూ అని గట్టిగా, లోహం మోగినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ పక్షి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది మన తూర్పు తీరం నుంచే. కోరమాండల్ తీరంలో సేకరించిన ఒక నమూనా ఫ్రాన్సు చేరింది. దాన్ని చూసి 1780లో బుఫాన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త వర్ణన రాశాడు. 1783లో బొడార్ట్ అనే డచ్ శాస్త్రవేత్త దానికి లాటిన్ పేరు పెట్టాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు క్లమేటర్ జాకోబినస్.

సరే, వలస దగ్గరికి వద్దాం. చాతకాలన్నీ వలస పోవు. ఇది చాలామందికి తెలియదు. వీటిలో మూడు ఉపజాతులున్నాయి. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉండేవి కాస్త చిన్నవి. ఇవి సముద్రాలు దాటవు. వానలను బట్టి కొంత దూరం అటూ ఇటూ జరుగుతాయి, అంతే. రెండో రకం సహారా ఎడారికి దిగువన ఆఫ్రికాలోనూ, ఇటు ఉత్తర భారతం, నేపాల్, మయన్మార్ దాకానూ కనిపిస్తుంది. అసలు ప్రయాణికులు ఇవే. మూడోది ఆఫ్రికా దక్షిణ భాగంలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఆ ఖండంలోనే ఉత్తరానికి జరుగుతుంది. అందులో కొన్ని పొట్ట కూడా నల్లగా, ఒక్క రెక్క మచ్చ తప్ప ఒళ్లంతా నలుపుతో ఉంటాయి. మన తెలుగు నేల మధ్యలో పడింది. ఇక్కడే ఉండేవీ, పైనుంచి వచ్చి పోయేవీ కలిసిపోతాయి. బైనాక్యులర్స్‌లో చూసి ఇది లోకల్, ఇది ఫారిన్ అని చెప్పటం ఎవరి తరమూ కాదు. (నవ్వులు)

ఉత్తర భారతంలో మాత్రం లెక్క స్పష్టంగా ఉంటుంది. చలికాలంలో అక్కడ చాతకం కనిపించదు. మే చివరి నుంచి జూన్ లోపల ఒక్కసారిగా వచ్చేస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు కల్లా ఖాళీ. వస్తున్నది తూర్పు ఆఫ్రికా నుంచేనన్న అభిప్రాయం పాతదే. పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విస్లర్ అనే ఆయనకు పక్షులంటే పిచ్చి. ఆయన 1928లోనే ఈ పక్షి వలస గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. అప్పట్లో ఉన్న ఆధారమల్లా ఎక్కడ ఏ తేదీన కనిపించింది, ఎక్కడ ఏ తేదీ తరవాత కనిపించలేదు అన్న నోటు పుస్తకాల లెక్కే.

ఈ మ్యాపు చూడండి. ఇది సోమాలియా కొస. ఇది గుజరాత్. మధ్యలో అరేబియా సముద్రం. తిన్నగా గీత గీస్తే రెండు వేల కిలోమీటర్లకు పైనే. కోకిల బాతు కాదు, అలసిపోతే నీళ్ల మీద దిగలేదు. దిగితే అదే ఆఖరు. మరి గోరింక సైజు పక్షి ఇంత దూరం ఎలా వస్తుంది?

గాలి. మే నెల గడిచేకొద్దీ తూర్పు ఆఫ్రికా తీరం దగ్గర ఒక బలమైన గాలి ప్రవాహం తయారవుతుంది. భూమధ్యరేఖ దాటి, కెన్యా, సోమాలియాల పక్కగా సాగి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగి అరేబియా సముద్రం మీదుగా మన పశ్చిమ తీరాన్ని తాకుతుంది. నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో దీని జోరు ఎక్కువ. ఫైండ్‌లేటర్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త 1960ల్లో దీన్ని వివరంగా లెక్కగట్టాడు. సోమాలీ జెట్ అంటారు, ఆయన పేరుతో ఫైండ్‌లేటర్ జెట్ అని కూడా అంటారు. మన నైరుతి రుతుపవనాలకు తేమ మోసుకొచ్చేది ఈ గాలే. చాతకం వచ్చే దిక్కు, వచ్చే రోజులు దీనితో సరిపోతున్నాయి. వెనక నుంచి తోసే గాలి ఉంటే ప్రయాణం సగం తేలికవుతుంది. మబ్బుకు ముందు చాతకం కనబడుతోందని మన పెద్దవాళ్లు గమనించారు కదా, రెండూ ఒకే గాలి మీద వస్తుంటే కలిసి కనబడక ఏం చేస్తాయి? కార్యకారణం తిరగేసి చెప్పారేమో గానీ, చూడటంలో మనవాళ్లు తప్పు చెయ్యలేదు.

తిరుగు ప్రయాణానికి గాలి కూడా తిరుగుతుంది. అక్టోబరు తరవాత ఈశాన్యం నుంచి నైరుతికి వీస్తుంది. ఆ గాలి పట్టుకుని మన దేశం నుంచి తూనీగలు కూడా మాల్దీవుల మీదుగా ఆఫ్రికా వైపు పోతాయి. పసుపు రంగు తూనీగ, వానాకాలంలో మైదానాల మీద గుంపులుగా తిరుగుతుందే, అదే. దాని గురించి మొదలుపెడితే ఇంకో ఆదివారం కావాలి, వదిలేద్దాం.

2020 జులైలో డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు రెండు చాతకాలకు ఉపగ్రహ ట్యాగులు, అంటే పక్షి ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలిపే పరికరాలు, కట్టారు. ఇస్రోకు చెందిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ కూడా ఆ పనిలో భాగస్వామి. పక్షులకు పెట్టిన పేర్లు మేఘ్, చాతక్. ట్యాగు బరువు 2 గ్రాములు, ఎండతో చార్జ్ అవుతుంది. ఎందుకింత చిన్నదంటే, పక్షి మీద పెట్టే బరువు దాని ఒంటి బరువులో మూడు నుంచి అయిదు శాతం దాటకూడదన్నది ఈ రంగంలో పాటించే నియమం. అంతకు మించితే మనం చూస్తున్నది పక్షి ప్రయాణం అవ్వదు, మనం పెట్టిన బాధ అవుతుంది. ఇంత చిన్న ట్యాగులు తయారయ్యేదాకా చాతకం లాంటి పక్షుల్ని వెంబడించటం సాధ్యపడలేదు.

దీనికి బంధువైన యూరేషియా కోకిల విషయంలో ఇంకా ఎక్కువ తెలిసింది. 2019లో మంగోలియాలో అయిదు కోకిలలకు ట్యాగులు వేశారు. అందులో ఓనాన్ అని పేరు పెట్టిన పక్షి 2020 వసంతంలో జాంబియా నుంచి బయల్దేరి, హిందూ మహాసముద్రం దాటి, మన దేశం మీదుగా మంగోలియా చేరింది. మొత్తం 12,000 కిలోమీటర్లు, 16 దేశాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే లాక్‌డౌన్ వల్ల మనం పక్క వీధికి పోవడానికి కూడా పర్మిషన్ అడుగుతున్నాం. (నవ్వులు)

ఇప్పుడు పురుగు సంగతి. రాయలసీమ నుంచి వచ్చినవాళ్లకు ఎర్ర గొంగళి పురుగు గురించి నేను చెప్పక్కర్లేదు. వేరుశనగ రైతుకు అదొక టెన్షన్. దాని కోశాలు, అంటే గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశ, నెలల తరబడి మట్టిలో నిద్రపోతుంటాయి. మంచి వాన ఒకటి పడగానే రెక్కల పురుగులు పైకి వస్తాయి. రాత్రుళ్లు మంటలు వేసి వాటిని చంపటం అందుకే. తప్పించుకున్నవి ఆకుల కింద వందలకొద్దీ గుడ్లు పెడతాయి. కొద్ది రోజుల్లో చేనంతా గొంగళ్లు. పంట మీద పడే ఈ ఒక్క రకమే కాదు, కంపల్లో, గట్ల మీద, అడవిలో ఎన్నో రకాల గొంగళ్లు వాన చూసుకునే పుడతాయి, చిగురు కావాలి కాబట్టి.

చాలా పక్షులు గొంగళి జోలికి పోవు. ఆ నూగు దురద పెడుతుంది, కొన్నిటికి విషం కూడా. కోకిల జాతులకు అదే ముఖ్యమైన తిండి. ఎలా తింటుందో ఒకసారి దగ్గరగా చూడగలిగాను. పొద చివరి కొమ్మ మీద చాతకం. ముక్కున పెద్ద గొంగళి. వెంటనే మింగలేదు. ఒక కొస పట్టుకుని, ముక్కుతో నొక్కుతూ నొక్కుతూ రెండో కొస దాకా వచ్చింది. టూత్‌పేస్టు ట్యూబును కింద నుంచి నొక్కుకుంటూ వస్తామే, అలా. లోపలి పేగు బయటికి వచ్చి కొమ్మ మీద పడింది. గొంగళి తిన్న ఆకులో విషపు పాలు ఏమైనా ఉంటే ఆ పేగులోనే ఉంటాయి. తల ఒకసారి విదిలించి, ముక్కును కొమ్మకు అటూ ఇటూ రాసుకుని, అప్పుడు మింగింది. వెంట్రుకలు మాత్రం లోపలికే పోయాయి. కోకిలల కడుపు లోపలి పొరలో ఆ వెంట్రుకలు గుచ్చుకుని పేరుకుంటాయి. ఎక్కువైనప్పుడు ఉండలా చుట్టి బయటికి కక్కేస్తుంది.

ఇక దాహం ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. గొంగళి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. రోజంతా వాటినే తినే పక్షి వాగు దగ్గరికి వచ్చి నీళ్లు తాగుతూ కనిపించకపోతే ఆశ్చర్యం ఏముంది? చూసినవాళ్లు నీళ్లు తాగదనుకుని ఉంటారు. ఇది నా ఊహ, రుజువు చెయ్యమంటే చెయ్యలేను. మెడకు చిల్లు మాత్రం లేదు.

రెండోది, గూడు. చాతకం గూడు కట్టదు. మన దేశంలో ఇది ఎక్కువగా గుడ్లు పెట్టేది బాబ్లర్ల గూళ్లలో. బాబ్లర్లంటే మీరు రోజూ చూసేవే. మట్టిరంగు పిట్టలు, ఆరేడు కలిసి తిరుగుతూ, ఎండుటాకులు కెలుకుతూ, ఒకటే గోల. హిందీలో సాత్ భాయ్ అంటారు. ఇవి కూడా గూళ్లు జోరుగా కట్టేది వానలు మొదలయ్యాకే. పిల్లలకు పెట్టడానికి పురుగు కావాలి కదా. అంటే చాతకానికి తన తిండీ, తన పిల్లను పెంచే పెంపుడు తల్లీ ఒకే సమయానికి సిద్ధమవుతాయి.

బాబ్లర్ గుడ్డు అందమైన నీలం రంగులో ఉంటుంది. చాతకం గుడ్డు కూడా అదే నీలం. పక్కన పెడితే కాస్త పెద్దదిగా, గుండ్రంగా ఉంటుంది. గుడ్డు పెట్టటం తెల్లవారుజామున, క్షణాల్లో జరిగిపోతుంది. దక్షిణాఫ్రికాలో చూసినవాళ్లు చెప్పిందేమంటే, మగపక్షి గూటి దగ్గర కావాలని కంటబడుతుంది. గూటివాళ్లు దాన్ని తరుముకుంటూ పోతారు. ఆ సందులో ఆడపక్షి వచ్చి, గూట్లో కూర్చోదు కూడా, అంచు మీద నిలబడి గుడ్డును పైనుంచి జారవిడుస్తుంది. కోకిల గుడ్ల పెంకు గట్టిది కాబట్టి దానికేం కాదు. కింద ఉన్న గుడ్లలో ఒకటో రెండో పగులుతాయి. కంగారులో జరిగిన నష్టమా, కావాలని చేసిందా అంటే, చాతకానికి ఎటైనా లాభమే.

దక్షిణాఫ్రికా చాతకాలు తెల్ల గుడ్లు పెడతాయి, అదీ బుల్‌బుల్ పిట్టల గూళ్లలో. బుల్‌బుల్ గుడ్డు మీద ఎర్రటి మచ్చలుంటాయి. పోలికే లేదు. అయినా బుల్‌బుల్ పొదుగుతుంది. కళ్లు కనిపించవా అనిపిస్తుంది. 2011లో అక్కడి బుల్‌బుల్‌ల మీద వచ్చిన ఒక అధ్యయనం దీనికి మంచి సమాధానం ఇచ్చింది. ఆ పరాయి గుడ్డు పెద్దది, గట్టిది. బుల్‌బుల్ ముక్కుతో పొడిచి పగలగొట్టలేదు, పట్టి బయటికి విసరలేదు. ఇక మిగిలిన దారి గూడు వదిలేసి కొత్తది కట్టుకోవటం. దానికి పట్టే శ్రమ, కాలం లెక్కేస్తే పరాయి గుడ్డును భరించటమే చవక. అంటే మోసపోవటం కూడా ఒక్కోసారి తెలివైన లెక్కే కావచ్చు. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన ముక్క ఇది.

కోకిల పిల్ల అనగానే మీకో వీడియో గుర్తొస్తుంది. ఇంకా కళ్లు తెరవని పిల్ల వీపు మీద పక్క గుడ్డును ఎత్తుకుని గూటి బయటికి తోసేస్తుంది. అది యూరేషియా కోకిల. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ ఉన్నాడే, ఆయన ఆ పని చేసేది పిల్లేనని 1788లో రాశాడు. చాతకం పిల్ల అలా చెయ్యదు. బాబ్లర్ పిల్లలతో కలిసే పెరుగుతుంది. అంతమాత్రాన మంచిదనుకోకండి. ముందుగా గుడ్డు పగలగొట్టుకుని బయటికి వస్తుంది, త్వరగా ఎదుగుతుంది, ఎర్రటి నోరు పెద్దగా తెరిచి అందరికంటే ముందు అడుగుతుంది. పక్కవాటికి మిగిలేది తక్కువ. కొన్ని బతుకుతాయి, కొన్ని చస్తాయి. ఒకే గూట్లో రెండు చాతకం పిల్లలు పెరిగి ఎగిరిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఢిల్లీలో 1970ల్లో ఆంథొనీ గాస్టన్ అనే శాస్త్రవేత్త బాబ్లర్ల మీద, వాటి గూళ్లలో చాతకాల మీద చేసిన పరిశోధన ఇప్పటికీ ఈ విషయంలో పునాది లాంటిది.

బాబ్లర్లను ఎంచుకోవటంలో ఇంకో సౌలభ్యం ఉంది. వాటిది ఉమ్మడి కుటుంబం. తల్లీ తండ్రే కాక గుంపులో మిగతావి కూడా పిల్లలకు తిండి తెస్తాయి. గూడు దాటి వచ్చాక కూడా చాతకం పిల్ల ఆ గుంపు వెంటే తిరుగుతుంది. ఇదుగో ఈ ఫొటో. మధ్యలో గోధుమ రంగు పిల్ల, నెత్తి మీద చిన్న జుట్టు అప్పుడే మొలుస్తోంది. చుట్టూ బాబ్లర్లు. ఒకటి ముక్కులో పురుగు పట్టుకుని వస్తోంది, ఇంకొకటి వెనక వరసలో ఎదురుచూస్తోంది. పిల్ల అరుపుకు కొమ్మంతా ఊగుతోంది.

అసలు తల్లిదండ్రులు ఈపాటికి వెళ్లిపోయి ఉంటాయి. పెద్దవి ముందు పోతాయి, పిల్లలు తరవాత. దారి చూపించే పెద్దదిక్కు లేదు. పెంచినవాళ్లు ఆ పొద దాటి పోయేవాళ్లు కాదు. అయినా ఏ దిక్కుకు, ఎంతకాలం ఎగరాలన్నది పిల్లకు తెలుసు. ఇది పుట్టుకతో వచ్చిన జ్ఞానమేనని జర్మనీలో పీటర్ బెర్టోల్డ్ బృందం బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్ట మీద ప్రయోగాలు చేసి చూపించింది. రెండు వేర్వేరు దిక్కులకు వలసపోయే పిట్టల్ని జత కలిపితే పుట్టిన పిల్లలు ఆ రెండింటికీ మధ్య దిక్కు పట్టాయి. చాతకం మీద అలాంటి ప్రయోగం చెయ్యలేం గానీ, దానికి నేర్పేవాళ్లు లేరన్నది మాత్రం కళ్లెదుట కనిపిస్తూనే ఉంది.

నా మాటలు ఇంతటితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక రైతు ప్రశ్న: చాతకం కనిపించింది కదా అని విత్తనం వేసుకోవచ్చా సార్?)

వద్దు, అన్నా. మీరు నవ్వుతున్నారు గానీ ఇది సరైన ప్రశ్న. ఉత్తరాదిలో ఇది వచ్చిందంటే వాన దగ్గర పడిందని అర్థం, అంతవరకు నమ్మొచ్చు. ఎన్ని రోజుల్లో, ఎంత పడుతుందో అది చెప్పదు. ఒక్కోసారి రెండు వారాల ముందే వచ్చేస్తుంది. మన దగ్గర ఆ మాత్రం కూడా కుదరదు, ఎందుకంటే దక్షిణాదిలో కొన్ని ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయని చెప్పాను కదా. వేసవిలో నోరు మూసుకుని ఉన్నది తొలకరికి నోరు తెరిస్తే కొత్తగా వచ్చిందనుకుంటాం. 2007లో మైగ్రెంట్‌వాచ్ అని ఒక కార్యక్రమం మొదలైంది. వలస పక్షి మొదట ఏ రోజు కనిపించిందో మామూలు జనమే రాసి పంపేవాళ్లు. చాతకం కోసం ప్రత్యేకంగా అడిగి మరీ సమాచారం పోగుచేశారు. ఆ పని ఇప్పుడు ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల వివరాలు ఎవరైనా ఎక్కించగల వెబ్‌సైటులో, సాగుతోంది. మీ ఫోనులో ఉంటే తేదీ, చోటు ఎక్కించండి. విత్తనం మాత్రం వాతావరణ శాఖ మాట, మీ నేలలో పదును చూసుకునే వెయ్యండి.

(ప్రశ్న: ఇది అంతరించిపోయే స్థితిలో ఉందా?)

లేదమ్మా. ఆఫ్రికా, ఆసియా రెండింట్లో విస్తరించి ఉంది, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ జాబితాలో ఆందోళన అక్కర్లేని వర్గంలోనే పెట్టారు. దీనికి దట్టమైన అడవి కూడా అక్కర్లేదు. ముళ్లపొదలు, పొలం గట్లు, ఊరి చివరి బీడు చాలు. బీడు అంటే మనకు ప్లాట్లు వెయ్యని స్థలం అని అర్థం, అదొక్కటే నాకు కాస్త భయం. పురుగుమందు ఎక్కువ కొట్టిన చోట గొంగళి ఉండదు, గొంగళి లేని చోట ఇదీ ఉండదు.

(మొదటి వరసలో ఒక పాప ప్రశ్న: బాబ్లర్లు పెంచితే, అది చాతకం అని దానికెలా తెలుస్తుంది?)

ఈ ప్రశ్న కోసం శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు కొట్టుకున్నారు తల్లీ. బాతు పిల్ల, కోడి పిల్ల పుట్టగానే ఎవరిని చూస్తే వాళ్లనే అమ్మ అనుకుంటాయి. చాతకం పిల్ల కూడా అలాగే అనుకుంటే పెద్దయ్యాక బాబ్లర్‌నే పెళ్లి చేసుకుంటానని కూర్చుంటుంది, అక్కడితో వంశం ఆగిపోతుంది. అమెరికాలో కౌబర్డ్ అని ఇంకొకరి గూట్లో గుడ్లు పెట్టే పక్షి ఉంది. దాని పిల్లలకు రకరకాల అరుపులు వినిపించి చూశారు. తన జాతి పెద్దవాళ్లు చేసే ఒక ప్రత్యేకమైన అరుపు ఎన్నడూ వినకపోయినా, అది వినగానే స్పందించాయి. పాస్‌వర్డ్ లాంటిది, పుట్టుకతోనే ఉంటుంది. కోకిలల్లో ఇంకో సంగతి కూడా ఉంది. చిలకలూ, పాడే పిట్టలూ అరుపు విని నేర్చుకుంటాయి, కోకిలలు నేర్చుకోవు. బాబ్లర్ల గోల మధ్యే పెరిగినా, మరుసటి ఏడు గొంతు విప్పితే పియూ పియూ అనే వస్తుంది. దానికి అదే అరుపు ఇంకో చోట నుంచి వినిపిస్తే అటు ఎగురుతుంది.

ఇంకెవరైనా? సరే, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. మిగతావి బయట టీ తాగుతూ మాట్లాడుకుందాం. బైనాక్యులర్స్ తీసుకెళ్లినవాళ్లు దయచేసి తిరిగి టేబుల్ మీద పెట్టండి.